బుజ్జమ్మకి, స్ఫటికాల తొందర గురించి

విజయనగరం

బుజ్జమ్మా,

నీ సోలార్ సెల్ కోసం గాజు మీద పూసే పెరోవ్‌స్కైట్ ఫిల్మ్ (వెలుగుని కరెంటుగా మార్చే స్ఫటికాల పలచటి పొర) గురించి నిన్న ఫోన్లో "అడిటివ్ వేసినా ఫిల్మ్ బాగా రావట్లేదు మావయ్యా" అన్నావు. ద్రావణంలో కలిపే ఆ అదనపు పదార్థం ఎంత వేశావంటే "కొంచెం" అన్నావు. అక్కడే దొరికిపోయావు.

మీ అత్త గులాబ్‌జామ్ పాకంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతుంది, చూశావుగా. ఆ పులుపుకి పంచదార కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. అవి అడ్డుపడి పాకాన్ని మళ్లీ పలుకులు కట్టనివ్వవు. నీ అడిటివ్ పనీ ముప్పాతిక ఇదే. కాకపోతే నీకు పలుకులు కావాలి, నింపాదిగా కావాలి. ఒక్కసారే వేల బీజాలు పుడితే ఏదీ ఎదగదు. డీఎంఎస్ఓ అనే ద్రావకం కలిపేది అందుకే: అది లెడ్ అయోడైడ్‌ని పట్టుకుని, వేడి తగిలితే గానీ వదలదు.

నువ్వు చేసేది ఫార్మమిడినియం లెడ్ అయోడైడ్. కరెంటిచ్చేది దాని నలుపు రూపం. దానికి 150 డిగ్రీల వేడి కావాలి, చల్లారితే పసుపులోకి జారాలని చూస్తుంది. మిథైల్ అమ్మోనియం క్లోరైడ్ ఆ నలుపుని ముందే నిలబెట్టి, చాలావరకు ఆవిరైపోతుంది. సంబంధం కుదిర్చి భోజనానికి కూడా ఉండని పెద్దమనిషన్నమాట. మరీ ఎక్కువేస్తే పోతూ పోతూ చిల్లులు పెడుతుంది.

అందుకని ఆ క్లోరైడ్‌ని లెడ్‌తో పోల్చి 0, 10, 20, 30, 40 మోల్ శాతం (బరువు కాదు, కణాల లెక్కన శాతం) వేసి చూడు. ఐదూ ఒకే రోజు చెయ్యి. సున్నాది మానేయకు. యాంటీసాల్వెంట్ (ద్రావకాన్ని లాగేసి స్ఫటికాల్ని మొదలుపెట్టే ద్రవం) ఏ సెకనులో వేశావో రాసుకో, నీ చెయ్యి ఆలస్యమైతే ఆ నింద అడిటివ్ మీద పడుతుంది. పూత కోసం గాజు గిర్రున తిరుగుతుండగానే ఫిల్మ్ పాలలా మసకబారితే ముందు తేమ చూడు. ఈ వానలకి మనింట్లో ఉప్పు డబ్బాలోనే నీరూరుతోంది.

నేను కుర్రతనంలో పటిక స్ఫటికం పెంచుతూ రోజూ గ్లాసు కదిపి చూసుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి గ్లాసు అడుగున ఇసకే. దిగులు పడకు. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం చేసిన మొదటి పెరోవ్‌స్కైట్ సెల్ మీద పడ్డ వెలుగులో 3.8 శాతాన్నే కరెంటుగా మార్చింది, ఇవాళ 26 దాటింది.

మైక్రోస్కోప్ ఫొటోలో రేణువులు పెద్దగా కనిపించగానే మురిసిపోకు. లెడ్ థయోసైనేట్‌తోనూ పెద్దవే వస్తాయి, కానీ రేణువుల మధ్య హద్దుల్లో లెడ్ అయోడైడ్ మిగిలిపోతుంది. ఎక్స్‌రే గ్రాఫులో 12.7 డిగ్రీల కోణం దగ్గర శిఖరం లేస్తే అదే. 11.8 దగ్గర లేస్తే పసుపు రూపం.

సిరిమాను పండక్కి వచ్చేటప్పుడు ఆ ఐదు గ్రాఫులూ పట్రా. గాజు ముక్కలు మాత్రం తేకు, అందులో ఉన్నది సీసం. ఇంట్లో చంటిపిల్లలున్నారు.

మావయ్య