పొడిగించిన వారంటీ కొనాలా, వద్దా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కొత్త టీవీ కొన్నప్పుడు, కంపెనీ ఇచ్చే ఏడాది వారంటీ ముగిశాక మరో రెండేళ్లు వర్తించే ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోమని బిల్లు వేసే చోట గట్టిగా పట్టుబట్టారు. టీవీ ధరలో 12 శాతం అదనంగా కట్టాలట. ఇప్పుడు కాదంటే మళ్లీ ఈ అవకాశం ఉండదన్నారు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. తీసుకోవడం మంచిదేనా?

జవాబు: ఆలోచించుకోవడానికి వ్యవధి తీసుకుని మంచి పని చేశారు. పేరులో వారంటీ అని ఉన్నా, మీకు అమ్మజూపినది స్వభావరీత్యా బీమా. కంపెనీ వారంటీ అనేది తయారీదారు తన వస్తువు మీద తానే ఇచ్చే హామీ. దాని ఖర్చు వస్తువు ధరలోనే కలిసి ఉంటుంది. పొడిగించిన వారంటీకి మీరు విడిగా డబ్బు కడతారు, చాలాసార్లు దాన్ని నడిపేది తయారీ సంస్థ కాక వేరొక సంస్థ అయి ఉంటుంది. అందువల్ల బీమా విషయంలో వేసుకునే ప్రశ్నలే ఇక్కడా వేసుకోవాలి: నష్టం జరిగే అవకాశం ఎంత, జరిగితే అయ్యే ఖర్చు ఎంత, ఆ ఖర్చు మన తాహతుకు మించినదా?

మీరు చెప్పిన అంకెతోనే లెక్క వేద్దాం. టీవీ ఒకసారి రిపేరుకు వస్తే దాని ధరలో సగటున 30 శాతం ఖర్చవుతుందని అనుకుందాం. అప్పుడు 12 శాతం కట్టిన డబ్బు గిట్టుబాటు కావాలంటే, ఆ అదనపు రెండేళ్లలో అలాంటి టీవీలు ప్రతి 100లో 40 చెడిపోవాలి. అంత నాసిరకం సరుకైతే వారంటీ సంగతి అటుంచి, అసలు ఆ టీవీయే కొనకూడదు. పైగా మీరు కట్టిన సొమ్ములోంచే అమ్మినవారి కమీషన్, నిర్వహణ ఖర్చు, లాభం అన్నీ తీయాలి కాబట్టి, కొన్నవారందరినీ కలిపి చూస్తే కట్టినదానికంటే తక్కువే తిరిగి వస్తుంది. ఇది ఏ బీమాకైనా ఉన్న లక్షణమే, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. ఇల్లు కాలిపోతే కోలుకోవడం కష్టం కనుక అక్కడ ఆ తేడా భరించడంలో అర్థముంది. టీవీ రిపేరు ఖర్చు బాధ కలిగిస్తుందే గాని, సాధారణంగా కుటుంబాన్ని కుదేలు చేయదు.

చెడిపోయే కాలం ఏది అన్నది అంతకంటే ముఖ్యమైన విషయం. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో తయారీలోపాలు చాలావరకు మొదటి నెలల్లోనే బయటపడతాయి. ఆ తర్వాత కొన్నేళ్లు వైఫల్యాలు తక్కువగా ఉండి, భాగాలు అరిగే వయసు వచ్చాక మళ్లీ పెరుగుతాయి. ఈ హెచ్చుతగ్గులను గీతగా గీస్తే రెండు చివరలా ఎత్తుగా, నడుమ పల్లంగా వస్తుంది. ఇంజనీర్లు దానిని బాత్‌టబ్ కర్వ్ అంటారు. మొదటి ఎత్తును కంపెనీ వారంటీయే కాస్తుంది. చివరి ఎత్తు వచ్చేసరికి పొడిగింపు గడువు సాధారణంగా ముగిసిపోయి ఉంటుంది. మీకు అమ్ముతున్నది ముఖ్యంగా ఆ పల్లంలోని రెండేళ్లు.

టీవీ సంగతే దగ్గరగా చూడండి. లోపలి పవర్ బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు (విద్యుత్తును కాసేపు నిల్వ చేసే భాగాలకు) వేడి బద్ధశత్రువు. పనిచేసే చోట ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే వాటి ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది ఆ రంగంలో వాడే లెక్క. చెడిపోయినప్పుడు చాలాసార్లు వాటి పైభాగం ఉబ్బి కనిపిస్తుంది. భాగం వెల స్వల్పం, కానీ సర్వీస్ సెంటర్లు తరచుగా బోర్డు మొత్తాన్నీ మారుస్తాయి. అయినా అది భరించదగిన ఖర్చే. నిజంగా భయపెట్టేది ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర. దాన్ని మార్చాల్సి వస్తే ఖర్చు ఒక్కోసారి కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది. మరి ఒప్పందంలో ప్యానెల్ సంగతి ఏమని రాశారు? దెబ్బ తగిలి పగిలితే సాధారణంగా వర్తించదు. ఓఎల్ఈడీ తెరల మీద ఒకే బొమ్మ చాలాసేపు నిలిచి పడే మచ్చలను కూడా తరచుగా మినహాయిస్తారు. తనంత తానుగా గీతలు పడితే వర్తిస్తుందో లేదో స్పష్టంగా రాసి ఉండాలి. ప్యానెల్‌నే మినహాయించిన ప్లాన్‌కు 12 శాతం కాదు, అందులో సగం కట్టడం కూడా దండగ అని నా అభిప్రాయం.

పరిహారం ఎలా లెక్కిస్తారో చెప్పే నిబంధన కూడా చదవండి. బాగు చేయడం సాధ్యం కాకపోతే కొన్న ధర ఇస్తారా, తరుగుదల తీసేసి ఇస్తారా? ఒకసారి వస్తువు మార్చి ఇచ్చాక మిగిలిన కాలానికి ఒప్పందం కొనసాగుతుందా, అక్కడితో ముగుస్తుందా? అమ్మేవారు ఎక్కువగా చెప్పనివి ఇవే.

ఇక ‘ఇప్పుడే, లేకపోతే లేదు’ అన్న మాట గురించి. బ్రిటన్‌లో ఈ అమ్మకాల మీద మార్కెట్లో పోటీని పర్యవేక్షించే ఆనాటి కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపి, పోటీ సరిగా లేదని 2003లో తేల్చింది. 2005లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం, దుకాణంలో చెప్పిన షరతులను 30 రోజులపాటు నిలబెట్టాలి. కొన్నవారు 45 రోజుల్లోగా రద్దు చేసుకుంటే పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి. కొనుగోలుదారును తొందరపెట్టడమే అక్కడ సమస్యగా గుర్తించారన్నమాట. అలాంటి నియమం లేని చోట కూడా, మొదటి వారంటీ ముగిసేలోగా ఎప్పుడైనా పొడిగింపు కొనుక్కోనిచ్చే తయారీ సంస్థలు చాలా ఉన్నాయి. మీ టీవీ కంపెనీని అడగండి. ఆ వీలు ఉంటే ఏడాది పొడవునా టీవీ తీరు చూసి, అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

ప్రశ్న: నా ఫోనుకు పొడిగించిన వారంటీ ఉంది. చార్జింగ్ ఎక్కకపోతే తీసుకెళ్లాను. లోపల తడి తగిలిందని క్లెయిమ్ తిరస్కరించారు. నేనెప్పుడూ ఫోనును నీళ్లలో పడేయలేదు. పైగా అది నీటిని తట్టుకునే ఫోనని ప్రకటనలో చెప్పారు. ఏం చేయాలి?

జవాబు: చాలా ఫోన్లలో తడిని పట్టి చూపే చిన్న స్టిక్కరు ఉంటుంది, మామూలుగా తెల్లగా ఉండి, నీరు తగిలితే ఎర్రబడుతుంది. అనేక మోడళ్లలో సిమ్ ట్రే తీసి, ఆ సందులోకి టార్చి వేసి ఏటవాలుగా చూస్తే అది కనిపిస్తుంది. ముందు మీరే చూడండి. తెల్లగానే ఉంటే, తడి తగిలిందని ఏ ఆధారంతో తేల్చారో రాతపూర్వకంగా, ఫోటోలతో సహా ఇమ్మని అడగండి. ఎర్రబడి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. అయినా చార్జింగ్ పోర్టులో గాని, బోర్డు మీద గాని తుప్పు కనిపించిందా, చార్జింగ్ ఆగడానికి అదే కారణమా అని అడిగి, జాబ్ షీటులో (సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపేరు వివరాల కాగితంలో) రాయించుకోండి. ఆ కాగితం లేకుండా పై అధికారికి గాని, వినియోగదారుల వేదికకు గాని ఫిర్యాదు చేస్తే నిలబడడం కష్టం.

దుమ్మును, నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో తెలిపే ఐపీ68 వంటి గుర్తు ప్రయోగశాలలో, కొత్త ఫోను మీద, మంచినీటితో చేసిన పరీక్షకు సంబంధించినది. ఫోను వాడేకొద్దీ అంచుల సీళ్లు బలహీనపడతాయి. ప్రకటనలో నీటి సంగతి చెప్పి, వారంటీ కాగితంలో తడి నష్టాన్ని మినహాయించడం నాకు న్యాయంగా తోచదు, కానీ చాలా ఒప్పందాలు అలాగే ఉన్నాయి.

ఒక మాట: చార్జింగ్ ఎక్కకపోవడానికి పోర్టులో పేరుకున్న నూలు, దుమ్ము కూడా తరచుగా కారణమవుతాయి. ఫోను ఆపివేసి, లోహం కాని సన్నని పుల్లతో జాగ్రత్తగా తీసి చూడండి. బ్యాటరీ బలహీనపడితే మాత్రం అది అరుగుదల కిందికి వస్తుందని సాధారణంగా క్లెయిమ్ ఇవ్వరు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమాల ప్రకారం ఫోను బ్యాటరీ 800 చార్జింగ్ సైకిళ్ల (పూర్తిగా ఎక్కించి, పూర్తిగా వాడటం ఒక సైకిల్) తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు దొరకాలి. విడిభాగాలు తేలికగా దొరికే మోడల్ ఎంచుకుంటే వారంటీ పొడిగింపు మీద ఆధారపడవలసిన అవసరం చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: నా సంపాదన అంతా ల్యాప్‌టాప్ మీదే. ప్రమాదవశాత్తు జరిగే నష్టాన్ని కూడా కలిపిన మూడేళ్ల ప్లాన్ తయారీ సంస్థే ఇస్తోంది. అది కూడా వద్దంటారా?

జవాబు: వద్దనను. ల్యాప్‌టాప్ వారం రోజులు సర్వీస్ సెంటర్‌లో ఉంటే రిపేరు ఖర్చు కంటే ఆగిపోయిన పని వల్ల మీకు ఎక్కువ నష్టం. మనిషి మీ దగ్గరికే వచ్చి, మరుసటి పనిదినాన బాగుచేసే ఏర్పాటు ఆ ప్లాన్‌లో ఉంటే, మీరు డబ్బు కడుతున్నది ప్రధానంగా సమయానికి. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను, కొన్నింటిలో స్టోరేజీని కూడా మదర్‌బోర్డుకే అతికిస్తున్నారు. ఒక్క చిప్ పోయినా బోర్డు మొత్తం మార్చవలసి రావచ్చు. ఏడాదికి ఎన్ని ప్రమాదాలకు వర్తిస్తుంది, ప్రతిసారీ మీ వాటాగా ఎంత కట్టాలి అన్నవి మాత్రం చూసుకోండి. లోపలి సమాచారానికి సాధారణంగా వారంటీ బాధ్యత వహించదు కాబట్టి బ్యాకప్ మీరే తీసుకోవాలి.

ప్రశ్న: బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందా?

జవాబు: దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి చట్టం ప్రకారం, ఫలానా విడిభాగాలే వాడాలని, ఫలానా చోటే రిపేరు చేయించాలని సాధారణంగా కంపెనీ వారంటీకి షరతు పెట్టకూడదు. స్టిక్కరు చింపితే వారంటీ రద్దు వంటి షరతులపై 2018లో అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. మీరు విడిగా కొన్న పొడిగింపుకు మాత్రం దాని ఒప్పందంలోని మాటే వర్తిస్తుంది. అందులో అధీకృత కేంద్రంలోనే రిపేరు చేయించాలని ఉంటే, గడువు ముగిసేవరకు స్క్రూ కూడా విప్పించవద్దు.