హార్డ్ డిస్క్ పోయిన పాత ల్యాప్‌టాప్‌ని ర్యామ్ మీదే నడపొచ్చా?

డిస్క్ పోయింది, 4 జీబీ ర్యామ్ (కరెంట్ ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీ) ఉంది, లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కాక పెన్‌డ్రైవ్ పీకేయొచ్చా అని అడిగారు కదా. పీకేయొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో ఒక ముసలి ల్యాప్‌టాప్ ఏడాదిన్నరగా అలాగే నడుస్తోంది. కొత్త డిస్క్ కొందామని సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి, మనసు మార్చుకుని వాడేసిన 4 జీబీ ర్యామ్ ఒకటి తెచ్చి వేశా. మొత్తం 8 అయింది.

మొదట డెబియన్ లైవ్ (డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) పెట్టా. ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూలో ఇ కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఖాళీ వదిలి టోర్యామ్ (టి ఓ ఆర్ ఏ ఎమ్, అయిదూ కలిపి) కొట్టి ఎఫ్10 నొక్కాలి. పెన్‌డ్రైవ్‌లో కుదించి ఉన్న సిస్టమంతా ర్యామ్‌లోకి కాపీ అవుతుంది. మాది యూఎస్‌బీ 2.0 పోర్టు, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా అవుతూనే ఉంది. అయ్యాక మాత్రం బాణమే. డిస్క్ ఉన్న రోజుల్లో కూడా అది అంత చురుగ్గా లేదు.

మీ 4 జీబీకి ఇది వద్దు. ఆ ఇమేజే (సిస్టమంతా ఉండే ఫైలు) 3 జీబీకి అటూ ఇటూగా ఉంటుంది, ఇక బ్రౌజర్‌కి ఏం మిగులుతుంది? పప్పీ లినక్స్ దించుకోండి. బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టినది, కొన్ని వందల ఎంబీలే, ర్యామ్ చాలితే తనంతట తనే అందులోకి ఎక్కేస్తుంది. టైనీకోర్ అనే లినక్స్ ఇంకా చిన్నదే గానీ అందులో వైఫై పనిచేయించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మే నెలలో ఓ సాయంత్రం గాలివానకి కరెంట్ పోయింది. చెల్లి పెళ్లికి పిలవాల్సినవాళ్ల జాబితా నాన్న మధ్యాహ్నమంతా ఒంటి వేలితో కొట్టారు. సేవ్ కూడా చేశారు పాపం, ర్యామ్‌లోకే! "నోట్‌బుక్‌లో రాసుంటే ఎక్కడికి పోయేదిరా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి ఫైళ్లకి వేరే పెన్‌డ్రైవ్ ఉంచాం. పప్పీ అయితే ఆపేటప్పుడు సేవ్ చేయాలా అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ మీద సేవ్ పెట్టుకుంటే ఇక దాన్ని పీకకూడదు. డౌన్‌లోడ్లు కూడా ర్యామ్‌నే తింటాయి, పెద్ద వీడియో దించితే మెషీన్ బిగుసుకుపోతుంది.

చచ్చిన డిస్క్‌ని మాత్రం విప్పి తీసేయండి. లోపలే ఉంటే బూట్ అయ్యే ప్రతిసారీ దానికోసం వెతుకుతూ కూర్చుంటుంది.