బయాప్సీలో ‘ఇంటెస్టినల్ మెటాప్లేసియా’ అని వచ్చింది, క్యాన్సరేనా?

ప్రశ్న: నా వయసు 48. రెండేళ్లుగా కడుపులో మంట. గ్యాస్ బిళ్లలు నేనే కొనుక్కుని రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య ఆకలి మందగించింది, కాస్త బరువు కూడా తగ్గాను. ఎండోస్కోపీలో ముక్క తీసి పరీక్షిస్తే ‘ఇంటెస్టినల్ మెటాప్లేసియా, ఇన్‌కంప్లీట్ టైప్, ఎంయూసీ5ఏసీ, ఎంయూసీ2 పాజిటివ్’ అని రాశారు. హెచ్.పైలోరీ నెగెటివ్. ఇవి క్యాన్సర్ జన్యువులా? జన్యు పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: మీరు పంపిన రిపోర్టులో క్యాన్సర్ అని ఎక్కడా లేదు. ముందు ఆ టెన్షన్ వదలండి. ఎంయూసీ5ఏసీ, ఎంయూసీ2 అనేవి మనందరిలో ఉండే మ్యూసిన్ జన్యువులు, అంటే జిగురు తయారీకి సూచనలిచ్చేవి. జీర్ణాశయం పైపొర కణాలు ఎంయూసీ5ఏసీని, లోపలి గ్రంథుల కణాలు ఎంయూసీ6ను తయారుచేస్తాయి. ఎంయూసీ2 మాత్రం పేగు కణాలది. అది జీర్ణాశయంలో కనిపించిందంటే, ఏళ్ల తరబడి వాపుతో దెబ్బతిన్న పొర పేగు పొరలా మారుతోందని అర్థం. దీన్నే ఇంటెస్టినల్ మెటాప్లేసియా అంటారు. ‘ఇన్‌కంప్లీట్’ రకంలో జీర్ణాశయం జిగురూ, పేగు జిగురూ కలిసి ఉంటాయి, కణం అటూ ఇటూ కాకుండా ఆగిపోయినట్టు. కంప్లీట్ రకం కన్నా దీనికి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అయినా ఈ మార్పు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. కుటుంబంలో ఎవరికీ జీర్ణాశయ క్యాన్సర్ లేకపోతే జన్యు పరీక్ష అవసరం సాధారణంగా రాదు.

నన్ను కలవరపెడుతున్నది మీరు అడగని విషయం. మెటాప్లేసియా తనంతట తాను బరువు తగ్గించదు. 48 ఏళ్ల వయసులో ఆకలి మందగించి బరువు తగ్గితే కారణం వెతకాల్సిందే. ఎన్ని ముక్కలు తీశారో, జీర్ణాశయం కింది భాగం, మధ్య భాగం రెండింటి నుంచీ తీశారో లేదో మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును అడగండి. మళ్లీ ఎండోస్కోపీ చేయాలని వాళ్లంటే వాయిదా వేయకండి.

ఇక ఆ గ్యాస్ బిళ్లలు. రెండేళ్లు ఎవరినీ అడగకుండా ఎందుకు వేసుకున్నారండీ? పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి మంటను అణచేస్తాయి. అలా అణగడంతో అల్సర్ గానీ, తొలి దశ క్యాన్సర్ గానీ ఆలస్యంగా బయటపడొచ్చు. పైగా ఇవి వాడుతూ చేయించుకుంటే హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో లేనట్టు రావచ్చు. మీ ‘నెగెటివ్’ను నేను నమ్మలేను. డాక్టర్ సరేనంటే బిళ్లలు 2 వారాలు ఆపి, యాంటీబయోటిక్స్ వాడి ఉంటే 4 వారాలు ఆగి శ్వాస పరీక్షో, మల పరీక్షో మళ్లీ చేయించండి. ఈ బ్యాక్టీరియాను 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు. ఉన్నట్టు తేలితే పూర్తి కోర్సు వాడాలి, అయ్యాక పోయిందో లేదో మళ్లీ పరీక్షించుకోవాలి. పొగ తాగే అలవాటుంటే మానేయండి.

ఇన్‌కంప్లీట్ రకానికి సాధారణంగా 3 ఏళ్లకోసారి ఎండోస్కోపీ సరిపోతుంది, కానీ మీ గడువును మిమ్మల్ని చూసే డాక్టరే నిర్ణయించాలి. నేను మిమ్మల్ని పరీక్షించలేదు, రాసిన దాన్నిబట్టే చెబుతున్నాను. మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, మింగడం కష్టమైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వాడిన బిళ్లల షీట్లు కూడా వెంట తీసుకెళ్లండి.