పసుపు రాస్ తెచ్చే ముందు

అమ్ములూ,

నువ్వు కెనరీ రాస్‌ని, అదే ఆ పసుపు రంగు సముద్రపు చేపని, పెంచబోతున్నావని మీ నాన్న చెప్పాడు. భలే సంతోషమేసింది, వెనకే బెంగ కూడా పట్టుకుంది. ట్యాంకు ఎంతది, లైటు ఎలాంటిది అన్నీ చెప్పాడు గానీ ఇసుక ఊసే ఎత్తలేదు.

తేలిక సంగతులు ముందు. ట్యాంకు 200 లీటర్లకు తగ్గొద్దు. ఉప్పునీటి సాంద్రత 1.025, వేడి 25, 26 డిగ్రీలు. నీళ్ళలో చేరే విషాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చి నిలబడేదాకా చేప మాట వద్దు.

ఇక ఇసుక. క్రిస్మస్ దీవి నుంచి మార్షల్ దీవుల దాకా, రీఫ్ (పగడపు దిబ్బ) అంచున పగడపు ముక్కలూ ఇసుకా కలిసే చోట తిరిగే చేప ఇది. 12 సెంటీమీటర్లకు మించదు. పగలంతా పురుగుల్నీ చిన్న నత్తల్నీ ఏరుకు తింటుంది, పొద్దు వాలితే ఇసుకలో దూరి పడుకుంటుంది. బెదిరినా అక్కడికే. తల వంచి సూటిగా దిగుతుంది, ఒళ్ళు రెండుసార్లు మెలితిప్పుతుంది, తోకతో సహా మాయం. అంటే మొదటి దెబ్బ మూతికే. అడుగున ఉత్త గాజుంటే దవడ దెబ్బతింటుంది. గులకరాళ్ళుంటే ఒళ్ళు గీసుకుపోయి పుండ్లు పడతాయి. దవడ చెడిన రాస్ మేత చుట్టూ తిరుగుతుందే గానీ పట్టలేదు, చిక్కి చస్తుంది. అందుకే పంచదార పలుకంత సన్న ఇసుక, 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం పొయ్యి. రాళ్ళు ముందు గాజు మీద కుదురుగా కూర్చోబెట్టి ఆ తర్వాతే ఇసుక. తిరగేసి చేశావో, అది కింద తవ్వుకుంటూ పోతే రాయి దాని నెత్తినే పడుతుంది. కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టిలోనూ ఒక డబ్బా నిండా ఇసుక పెట్టు. అక్కడ పరాన్నజీవులకి రాగి మందు వాడాల్సొస్తే సిలికా ఇసుకే, పగడపు ఇసుక రాగిని పీల్చేస్తుంది.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు. చేపని వదలగానే ఇసుకలోకి పోతుంది. మర్నాడు రాదు. మూడో రోజూ రాదు. చచ్చిందేమో, కుళ్ళి నీళ్ళు పాడవుతాయేమో అని గరిట పెట్టి కెలుకుతారు. నీ కంగారు తెలుసు కనుక ముందే తిడుతున్నా: చెయ్యి పెట్టకు! అది ప్రయాణంలో అలిసిపోయి, పగలూ రాత్రీ తేడా తెలియక పడుకుని ఉంటుంది. వారం పట్టినా వింత కాదు. గరిట తగిలితే గాయం. తగలకపోయినా హడలి మళ్ళీ దూరుతుంది, లేదా పైకి ఎగురుతుంది. మందంగా పేరిన ఇసుక అడుగున గాలి ఆడని చోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటే అదీ నీళ్ళలో కలుస్తుంది, మిగతా చేపలకీ ముప్పు. అనుమానమొస్తే అమ్మోనియా పరీక్ష చెయ్యి. సున్నా ఉంటే లైటు రోజూ ఒకే వేళకి వేసి ఆర్పుతూ ఓపిక పట్టు. ట్యాంకు వెనక నేల మాత్రం ఒకసారి చూడు.

నేల ఎందుకంటే, ఈ జాతి ట్యాంకులోంచి దూకి పోవడం మామూలే. లైటు ఠక్కున ఆరినా ఎగురుతుంది. 6 మిల్లీమీటర్ల కన్నుల వల ట్యాంకుకి మూతగా బిగించు. పైపులూ వైర్లూ దిగే సందులు వదలకు, అది సరిగ్గా అక్కడినుంచే పోతుంది.

మేత కొంచెం కొంచెంగా రోజుకి రెండు మూడు సార్లు. మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) ప్రధానం, ఒట్టి బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిట్టి జీవులు) మీద నిలబడదు. పగడాల జోలికి పోదు, చిన్న రొయ్యలకి మాత్రం హామీ లేదు.

రెండు కావాలంటే రెండూ చిన్నవే తీసుకో. ఇవి పుట్టుకకి ఆడవే, పెద్దది తర్వాత మగగా మారుతుంది. ఎదిగిన మగవి రెండు తెస్తే కొట్లాటే.

నీలి చారల క్లీనర్ రాస్ ముద్దొస్తుంది, కొనకు తల్లీ. 2019లో అద్దంలో తనని తాను గుర్తుపట్టే పరీక్ష నెగ్గిందని పేరు మోసిన చేపే గానీ, సముద్రంలో వేరే చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతికేది. ట్యాంకులో అవెక్కడివి? చాలావరకు ఆకలితో పోతాయి.

మూత బిగించాక నాలుగు మూలలూ, పైపుల సందులూ దగ్గరగా ఫొటోలు తీసి పంపు. చేపకి డబ్బు కట్టడం అవి నేను చూశాకే.

నీ పెదనాన్న