నాన్నగారికి చెప్పాల్సింది మీరు, అమ్మ కాదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పై చదువుకు విదేశం వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. మూడేళ్లుగా ఒక అబ్బాయిని ప్రేమిస్తున్నాను. అతనిది వేరే దేశం, కాథలిక్ కుటుంబం. చాలా మంచివాడు. వాళ్లింట్లో అందరికీ నేను తెలుసు. వాళ్లమ్మగారు పెళ్లి చర్చిలోనే జరగాలంటున్నారు. అతను మాత్రం నా కోసం హిందువుగా మారడానికి సిద్ధమంటున్నాడు. మా అమ్మకు రెండేళ్ల కిందటే చెప్పాను. చాలా ఏడ్చింది, తర్వాత సర్దుకుంది. కానీ నాన్నకు గుండెకు స్టెంట్ వేశారు కాబట్టి ఈ మాట తట్టుకోలేరని, చెల్లి పెళ్లి అయ్యేదాకా నోరెత్తవద్దని నాతో ఒట్టు వేయించుకుంది. నాన్న నాకు తెచ్చే సంబంధాలను ఏదో ఒక వంక పెట్టి అమ్మే తిప్పి పంపుతోంది. అతను మతం మారితే నాన్న ఒప్పుకుంటారా? గుడిలో, చర్చిలో రెండుచోట్లా పెళ్లి చేసుకుంటే సరిపోతుందా? మతాలు, అలవాట్లు ఇంత వేరైనప్పుడు మా కాపురం నిలబడుతుందా?

జవాబు: మతం మార్పు సంగతి ముందే తేల్చేద్దాం. అక్కర్లేదు. దేవుడి మీద నమ్మకం కుదిరి మతం మారే మనిషిని కాదనే హక్కు ఎవరికీ లేదు. కానీ కాబోయే మామగారి మెప్పు కోసం మారతానన్న మనిషి మీద మీ నాన్నగారికి గౌరవం పెరుగుతుందని నేను అనుకోను. మీకైనా ఉంటుందా? అతని తల్లి చిన్నప్పటి నుంచి చెయ్యి పట్టుకుని ప్రార్థనకు తీసుకెళ్లిన కొడుకు అతను. ఆమె దగ్గర ఉన్నది లాక్కుని మీ ఇంట్లో శాంతి తెచ్చుకోవాలనుకోవడం అన్యాయం. ప్రేమ కొద్దీ అతను ఆ మాట అన్నాడు. దాన్ని మీరు వాడుకోకండి. ఉన్నవాడు ఉన్నట్టుగానే మా నాన్న ముందుకు రావాలని అతనికి చెప్పండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో అమ్మ అడుగడుగునా ఉంది. చెల్లి ఉంది, అతని తల్లి కూడా ఉంది. నాన్నగారు మాత్రం ఒక రోగిగా, ఒక అడ్డంకిగా తప్ప ఎక్కడా కనబడలేదు. ఆయన ఎలాంటి మనిషి, మీతో ఎలా మాట్లాడతారు, మీరు అంత దూరం వెళ్లి చదువుకుంటానంటే ఆయన ఏమన్నారు? ఒక్క వాక్యమూ లేదు. పెళ్లికాని కూతుర్ని ఒంటరిగా పరాయి దేశం పంపిన తండ్రి ఆయన. చుట్టాలు నాలుగు మాటలు అనే ఉంటారు, అవి పడే ఉంటారు. అలాంటి మనిషి మీ జీవితంలో ఇంత పెద్ద విషయాన్ని వినలేరని మీరు స్వయంగా తెలుసుకోలేదు. అమ్మ చెప్పింది, మీరు నమ్మారు. నమ్మితే ఆయన ఎదుట నిలబడే అవసరం తప్పుతుంది కాబట్టి నమ్మారు. కటువుగా ఉంటుందని తెలిసినా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

ఈ రెండేళ్లూ అమ్మ ఏం చేస్తోందో ఆలోచించారా? తండ్రి కూతురి కోసం నలుగురినీ అడిగి, ఎవరి గుమ్మమో ఎక్కి, ఒక సంబంధం తెస్తారు. ఆమె దానికి ఒక వంక వెతుకుతుంది. ఆయన వెళ్లి అవతలి వాళ్లకు తల వంచుకుని క్షమాపణ చెప్పుకుని వస్తారు. మళ్లీ ఇంకో సంబంధం. ఎందుకు కుదరడం లేదో ఆయనకు తెలియదు. తెలిసిన భార్య పక్కనే కూర్చుని ఉంటుంది. ఇంత కాలం ఒకరికొకరు దాచుకోకుండా కాపురం చేసిన ఇద్దరి మధ్య మీరు మీ రహస్యాన్ని తెచ్చి పెట్టారు. ఆ అబ్బాయి మతం కన్నా నన్ను ఎక్కువ కలతపెట్టింది ఇదే.

రేపు ఈ విషయం బయటపడిన రోజున మీరు వేల మైళ్ల దూరంలో ఉంటారు. ఫోను పెట్టేస్తే మీ గది మీది, మీ ఉద్యోగం మీది. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. "నీకు తెలిసి కూడా నాతో చెప్పలేదు" అనే మాట ఆమె వింటుంది. "నీ పెంపకం ఇది" అని అత్తింటివైపు వాళ్లు అనేది ఆమెనే. కూతురు వేరే మతం వాణ్ని చేసుకున్నందుకు వచ్చిన కోపం ఏదో ఒక నాటికి చల్లారుతుంది. భార్య తనను రెండేళ్లు నమ్మించి మోసం చేసిందన్న బాధ అంత తొందరగా పోదు. అమ్మ మిమ్మల్ని కాపాడుతోందని మీరు అనుకుంటున్నారు. ఆమె కాపురాన్ని తాకట్టు పెట్టి మీరు కాలం గడుపుతున్నారని నేను అంటున్నాను.

ఒట్టు వేశానంటారా? మూడో మనిషిని మోసం చేస్తూ ఉంటే తప్ప నిలవని ఒట్టుకు కట్టుబడనక్కర్లేదని నా నమ్మకం. అయితే దాన్ని అమ్మకు తెలియకుండా మాత్రం తప్పకండి. ముందు ఆమెకే చెప్పండి.

గుండె విషయం తేలిగ్గా తీసుకోమనను. కానీ ఆయన గుండె ఎంత తట్టుకోగలదో ఆయన్ని చూస్తున్న వైద్యుడు చెప్పాలి. అమ్మ భయం చెప్పకూడదు. ఆ వైద్యుడికే ఫోన్ చేసి అడగండి. ఇప్పుడు పరిస్థితి బాగాలేదు, కొన్నాళ్లు ఆగమంటే ఆగండి. బాగానే ఉందంటే మాత్రం ఆ స్టెంట్‌ను ఇక సాకుగా వాడకండి. బతికున్న మనిషిని పెళుసు వస్తువులా పక్కన పెట్టి, ఇంటి సంగతులేవీ ఆయన దాకా రానివ్వకపోవడం ఆయన్ని కాపాడటం అవదు. ఇంటి పెద్దగా ఆయన స్థానాన్ని మెల్లగా తీసేయడం అవుతుంది.

చెల్లి పెళ్లి అయ్యేదాకా ఆగమనడం కూడా నాకు సమ్మతం కాదు. అక్క సంగతి దాచి చెల్లికి సంబంధం కుదిర్చారనుకోండి. పెళ్లయిన ఆరు నెలలకు మీ విషయం బయటపడుతుంది. అప్పుడు అత్తవారింట్లో మాటలు పడాల్సింది ఆ పిల్ల. "మాకు తెలియకుండా దాచి చేశారు" అని ఆమెను జీవితాంతం ఎత్తిపొడవడానికి మీరే అవకాశం ఇచ్చినట్టు అవుతుంది. ముందే తెలిసి వచ్చిన సంబంధమే ఆమెకు క్షేమం. అక్క వేరే మతం వాణ్ని చేసుకుంటోందని వెనక్కి వెళ్లే కుటుంబం వెళ్లనివ్వండి, వాళ్ల ఇంట్లో మీ చెల్లి సుఖపడేది కాదు. ఇంతకీ చెల్లికి ఈ విషయం తెలుసా? మీరు రాయలేదు. ఆమె పేరు చెప్పి మీరిద్దరూ నిర్ణయాలు చేస్తున్నారు, ఆమెను ఎవరైనా అడిగారా?

పైగా ఇది ఎల్లకాలం దాగే విషయం కూడా కాదు. మీరు ఇంకా భారత పౌరసత్వంతోనే ఉన్నారనుకుంటున్నాను. మన దేశంలో వేరు వేరు మతాల వాళ్లు మతం మారకుండా పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 1872లో వచ్చిన పాత చట్టం ప్రకారమైతే, ఫలానా మతాలు మావి కావని వధూవరులు ప్రకటించాల్సి వచ్చేది. ఆ షరతును 1954 చట్టం తీసేసింది. మతం మారతానంటున్న ఆ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి. అయితే ఈ చట్టం కింద ముందు నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనబడేలా అతికిస్తారు. వధూవరుల్లో ఎవరిదైనా శాశ్వత నివాసం వేరే జిల్లా అయితే అక్కడి వివాహాధికారికి కూడా ఒక ప్రతి పంపి అతికించాలని చట్టంలో ఉంది. విదేశంలో ఉండి మన రాయబార కార్యాలయం ద్వారా చేసుకోవాలంటే 1969 నాటి విదేశీ వివాహ చట్టం వర్తిస్తుంది. వధూవరుల్లో ఒక్కరు భారత పౌరులైతే చాలు. దానిలోనూ నోటీసు ఉంది, దాన్ని ఇండియాలో కూడా ప్రచురించాలి. మీ నాన్నగారికి ఈ వార్త ఏ గోడ మీది కాగితం వల్లో, దాన్ని చూసి ఫోన్ చేసిన ఏ పరిచయస్తుడి వల్లో తెలియాలా? మీరున్న దేశపు చట్టం ప్రకారం అక్కడే చేసుకునే దారి కూడా ఉంటుంది. అది చట్టపరంగా మంచి దారే కావచ్చు. నాన్నను తప్పించుకోవడానికి మాత్రం ఆ దారి పట్టకండి.

గుడిలో, చర్చిలో రెండుచోట్లా చేసుకోవడం మీరనుకున్నంత సులువు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చెల్లాలంటే వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. ఆ చట్టం దృష్టిలో బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ కోవలోకే వస్తారు. క్రైస్తవుడికీ హిందూ అమ్మాయికీ గుడిలో జరిగి, ఆ చట్టం కింద రిజిస్టర్ అయిన పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే తీర్పు ఇచ్చింది. తాళి కట్టించుకుని ఫొటోలు తీయించుకున్నంత మాత్రాన మీ హక్కులు నిలబడవు. అటు కాథలిక్ చర్చికీ నియమాలున్నాయి. జ్ఞానస్నానం తీసుకోని వారితో పెళ్లి జరగాలంటే చర్చి అధికారుల ప్రత్యేక అనుమతి కావాలి. మీరు మతం మారాలని ఆ నియమం అడగదు. కానీ ఆ పెళ్లికి ముందు గానీ తర్వాత గానీ వధూవరులు మళ్లీ సమ్మతి తెలిపే మరో మత వేడుక చేయకూడదంటుంది. కాబట్టి రెండు వేడుకల మాట ఎవరికైనా ఇచ్చే ముందు వాళ్ల ఫాదర్‌తో మీరిద్దరూ కలిసి మాట్లాడండి.

ఆ అనుమతి కోసం కాథలిక్ భాగస్వామి ఒక మాట ఇవ్వాలి. పుట్టబోయే పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి కాథలిక్కులుగా పెంచడానికి తన శాయశక్తులా ప్రయత్నిస్తానని. ఆ మాట సంగతి రెండోవారికి తెలియజేయాలని కూడా నియమం ఉంది. అతను ఈ సంగతి మీతో ఎప్పుడైనా అన్నాడా? మతం మారతానని ఒకవైపు మీతో అంటూ, చర్చి పెళ్లికి సరేనని మరోవైపు తల్లితో అంటూ ఉంటే, అతను కూడా మీలాగే ఎవరికీ నొప్పి తగలకుండా రోజులు నెట్టుకొస్తున్నాడని అర్థం. అతని మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఇద్దరూ ఒకే రకమైన భయంతో ఉన్నారని మాత్రం చెబుతున్నాను.

కాపురం నిలబడుతుందా అని అడిగారు. మతం వేరు కావడం వల్ల విడిపోయేంత బలహీనులుగా మీరు నాకు కనబడలేదు. సొంత మనుషులకు దూరంగా ఉన్నప్పుడు మతం పెద్దగా బరువనిపించదు. ఇద్దరూ పరాయి దేశంలో, ఒకే రకమైన ఉద్యోగాల్లో, ఒకే రకమైన ఒంటరితనంలో ఉంటారు. ఒకరి పండుగకు ఇంకొకరు కొత్త బట్టలు వేసుకుంటారు, బాగానే ఉంటుంది. పిల్లలు పుట్టినప్పుడు, తల్లిదండ్రులు మంచాన పడినప్పుడు ఎవరి ఇల్లు వాళ్లను పిలుస్తుంది. అక్కడ మతం కన్నా కుటుంబం పట్ల బాధ్యత గురించి మీ ఇద్దరి లెక్కలే వేరుగా ఉండవచ్చు. మీది ఇద్దరు ఆడపిల్లల ఇల్లు. రేపు నాన్నగారు లేని రోజున అమ్మ మీ దగ్గరకు వచ్చి ఉంటానంటే, మీ ఇంట్లో ఆమెకు శాశ్వతంగా ఒక గది ఉంటుందా? అది ఆమె హక్కుగా అతను చూస్తాడా, కొన్ని నెలల అతిథిగా చూస్తాడా? ఇంటికి డబ్బు పంపడం, ఏ రాత్రో ఫోను వస్తే ఉన్నపళంగా విమానం ఎక్కడం అతనికి మామూలుగా అనిపిస్తాయా? అతని వైపు కూడా ఇలాంటివే ఉంటాయి, మీరూ అవి వినాలి. మూడేళ్లలో ఇవి మాట్లాడుకుని ఉంటే సంతోషం. లేకపోతే నాన్నగారి దగ్గరకు వెళ్లే ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే ఆయన తేరుకున్నాక అడిగే ప్రశ్నలు ఇవే. ఏ తండ్రైనా అడుగుతాడు. "వాడిది ఏ మతం" అని మొదట అన్నా, ఆయనకు కావలసిన జవాబు మాత్రం "నా కూతుర్ని, నా భార్యను వాడు చూసుకుంటాడా" అన్నదానికి.

చెప్పడం ఫోనులో వద్దు. సెలవు పెట్టి వెళ్లండి. అబ్బాయిని ఈసారి వెంటబెట్టుకుని వెళ్లకండి. చుట్టాలు లేని రోజు చూసుకుని ఆయన ఒక్కరితోనే కూర్చోండి. "ఒప్పుకోండి" అని మొదలుపెట్టకండి. ఇన్నాళ్లూ దాచానని, అమ్మ చేత కూడా దాపించానని, ఆమెను ఒక్క మాట కూడా అనవద్దని ముందు చెప్పండి. తర్వాత అతని పేరు, అతని ఇల్లు, అతని మతం ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. ఆయన అరిస్తే వినండి. మాట్లాడటం మానేస్తే మీరు మానకండి. తిరిగి వెళ్లాక కూడా ఫోన్ చేసి ఆయన్నే అడగండి. తీయకపోతే మర్నాడు మళ్లీ చేయండి. ఎన్ని నెలలైనా సరే. ఆయన అంగీకరించకపోయినా పెళ్లి చేసుకునే హక్కు మీకు ఉంది, 29 ఏళ్ల మనిషికి అది ఎవరూ ఇవ్వాల్సింది కాదు. తండ్రికి మీ నోటితో చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఆ హక్కు కన్నా ముందు ఉంది.

అమ్మతో రేపే మాట్లాడండి. నాన్నకు చెప్పబోతున్నానని, నింద తన మీద పడనివ్వనని మాట ఇవ్వండి. ఆమె వద్దంటుంది, ఏడుస్తుంది. అయినా ఆగకండి. నాన్నగారు ప్రస్తుతం ఎవరితోనైనా మీ సంబంధం మాట్లాడుతూ ఉంటే, "నాకు కొంచెం గడువు ఇవ్వండి, వచ్చి మాట్లాడతాను" అని మీరే ఆయనకు ఫోన్ చేసి ఆపించండి. ఇక అమ్మ చేత కొత్త వంకలు చెప్పించవద్దు.