నాలుగేళ్ల పాపకు క్లాసులో రోజంతా ఆటలేనా? స్కూలు మార్చాలా?

పాపకు నాలుగేళ్లు. రోజూ బట్టలకు రంగులు పూసుకుని ఇంటికొస్తోంది. ఈరోజు ఏం చెప్పారమ్మా అంటే "ఆడుకున్నాం" అంటోంది. అదే వయసున్న చుట్టాలబ్బాయి వంద దాకా అంకెలు రాసేస్తున్నాడు. దాంతో మీకు టెన్షన్ పట్టుకుంది, స్కూలు మార్చాలా అని అడుగుతున్నారు.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చాలా కాలంగా పాఠాలు చెబుతున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వర్క్‌షీట్లు దిద్దించే చోటా పనిచేశాను, ఇప్పుడు ఎక్కువ భాగం ఆటతోనే నడిచే క్లాసులో ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, పాప జవాబు విని కంగారుపడకండి. అలాగని 'మాది ఆటపాటల స్కూలు' అని బోర్డు పెట్టిన ప్రతిచోటునీ నమ్మేయకండి. పిల్లలు ఆడుతున్నప్పుడు టీచర్ ఏం చేస్తోందో చూడాలి. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు ఆ వంద అంకెల సంగతి. వంద దాకా గడగడా రాసే పిల్లల ముందు ఓ గుప్పెడు సీసా మూతలు పోసి "నాకు ఏడు ఇవ్వు" అనండి. కొందరు చేతికొచ్చినన్ని తీసి ఇచ్చేస్తారు. అంకెల పేర్లు వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టేటప్పుడు ఆఖరున అన్న అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియడం వేరు. రెండోది రావాలంటే వస్తువులు చేతిలో పట్టుకుని పంచాలి, పేర్చాలి, తక్కువైతే మళ్లీ తెచ్చుకోవాలి. రాసే పిల్లలెవరికీ లెక్క తెలియదని అనడం లేదు. పుస్తకం చూసి ఆ సంగతి తేల్చలేమంటున్నాను, అంతే.

మా క్లాసులో చెక్క బ్లాకుల మూల ఒకటుంది. ఆ బ్లాకులు ఏదో ఒక సైజులో కోసినవి కావు. ఒకటి 5½ అంగుళాల పొడవుంటే, తర్వాతది 11, ఆ తర్వాతది 22. ఈ కొలతల పద్ధతి అమెరికాలో కరోలిన్ ప్రాట్ అనే టీచర్ 20వ శతాబ్దం మొదట్లో రూపొందించింది. పొడుగు బ్లాకులు అయిపోతే పిల్లలు చిన్నవి రెండు చేర్చి సరిపెడతారు. సగం, రెట్టింపు అన్న మాటలు ఇంకా తెలియని వయసులో ఆ పని చేసేస్తారు.

ఒకరోజు ఇద్దరు పిల్లలు అక్కడ వంతెన కడుతున్నారు. రెండు స్తంభాలు నిలబెట్టి పైన బ్లాకు పెడితే అందక పడిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పడింది. బాబు స్తంభాలను దగ్గరకు జరిపాడు, ఈసారి బ్లాకు నిలబడింది. కానీ కింద నుంచి కారు దూరడం లేదు. పాపకు కోపం వచ్చింది, "నువ్వే పాడుచేశావ్" అంది. నేను పక్కన కూర్చుని "కారు ఎంత వెడల్పుందో ఒకసారి చూద్దామా?" అని మాత్రం అన్నాను. పాప కారును రెండు స్తంభాల మధ్య పెట్టి, వాటిని దానికి సరిపడా పక్కకు జరిపింది. ఇప్పుడు పైన బ్లాకు అందదు కదా! కాసేపు ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. చివరికి బాబు లేచి, పొడుగు బ్లాకులున్న గుంపు దగ్గరకు వెళ్లి బేరం మొదలుపెట్టాడు: "మా చిన్నవి రెండు ఇస్తాం, మీ పెద్దది ఒకటి ఇవ్వండి." వాళ్లు కొలిచి చూసుకుని మరీ ఇచ్చారు.

ఆ పాప ఇంటికెళ్లి ఏం చెప్పి ఉంటుంది? "ఆడుకున్నాం" అనే.

నేను ఆ వంతెనను కట్టి చూపించి ఉంటే పని నిమిషంలో అయిపోయేది, వాళ్లకు ఆలోచించడానికి ఏమీ మిగిలేది కాదు. అసలు అటువైపే వెళ్లకపోయి ఉంటే కొట్లాటతో ముగిసేది. ఈ రెండింటి మధ్య ఎప్పుడు నోరు విప్పాలో, ఎప్పుడు మూసుకోవాలో తెలియడమే మా ఉద్యోగంలో కష్టమైన భాగం. వర్క్‌షీటు దిద్దించడం దీనికన్నా చాలా తేలిక, నన్నడిగితే.

ఇక డాక్టరాట లాంటి ఉత్తుత్తి ఆటలు. పెద్దవాళ్లు వీటినే ఎక్కువ చిన్నచూపు చూస్తారు. 1940లలో సోవియట్ యూనియన్‌లో మనుయిలెంకో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలను కదలకుండా నిలబడమని అడిగి చూసింది. ఊరికే నిలబడమన్నప్పటికన్నా, కాపలా సైనికుడి వేషంలో నిలబడమన్నప్పుడు వాళ్లు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. ఆటలో పిల్లలు తమకన్నా ఒక తల ఎత్తు పెరిగినట్టు ఉంటారని సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ అంతకుముందే అన్నది ఇలాంటివాటి గురించే. కథ చెప్పేటప్పుడు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లాడు, డాక్టరాటలో పేషెంటుగా తన వంతు కోసం ఓపిగ్గా ఎదురుచూడటం నేను ఎన్నిసార్లు చూశానో. అందరికీ డాక్టరే కావాలి, పేషెంటుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి ఆ పంచాయితీ తెగేసరికే సగం పాఠం అయిపోతుంది. మందుల చీటీ కూడా రాసిస్తారు. నిజం డాక్టర్ల చేతిరాతకు అదేం తీసిపోదు. కానీ గీతలు గీస్తే అవతలివాళ్లకు కబురు అందుతుందని అక్కడే అర్థమవుతుంది. "టీచర్, 'మందు' ఎలా రాయాలి?" అని వాళ్లే వచ్చి అడిగే రోజు ఎంతో దూరంలో ఉండదు.

అక్షరాలు మాత్రం ఆటలోంచి వాటంతటవి రాలిపడవు. వాటిని నేర్పాలి. మేం రోజూ కథ చదువుతాం, పాటలు పాడిస్తాం, కాసేపు అక్షరాల శబ్దాలు గుర్తుపట్టిస్తాం. పెన్సిల్ గట్టిగా పట్టించేలోపు క్లే పిసకడం, కత్తెరతో కాగితం కత్తిరించడం, పూసలు గుచ్చడం అయి ఉంటే వేళ్లకు బలం వస్తుంది, రాయడం ఏడుపు కాకుండా ఉంటుంది.

తర్వాత వెనకబడిపోతుందేమో అన్న భయానికి వస్తే, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటీ అనే ఊళ్లో 1967లో మొదలైన అధ్యయనం ఒకటుంది. పేద కుటుంబాల పిల్లలను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు టీచర్ చెప్పింది చెప్పినట్టు చేసే పద్ధతిలో, మిగతా రెండింటికి పిల్లల చొరవకు, ఆటకు చోటున్న పద్ధతుల్లో చెప్పారు. 23 ఏళ్ల వయసులో చూస్తే, చదువులో మొదటి గుంపుదేమీ పైచేయి కాలేదు. కానీ చదువుకునే రోజుల్లో మానసిక ఇబ్బందులకు చికిత్స అవసరమైనవాళ్లు ఆ గుంపులో 47 శాతం, మిగతా రెండింటిలో 6 శాతం. మొత్తం 68 మంది పిల్లలే కాబట్టి దీన్నే వేదవాక్కుగా పట్టుకోమని నేను చెప్పను. తొందరపెట్టినంత మాత్రాన లాభం నిలవదన్న నా అనుభవానికి మాత్రం ఇది సరిపోతుంది.

స్కూలు మార్చే ముందు ఓసారి వెళ్లి ఓ గంట కూర్చుని చూడండి. టీచర్లు పిల్లల మధ్య కింద కూర్చుని ఉన్నారా, ఓ మూల నిలబడి ఫోన్ చూసుకుంటున్నారా? బొమ్మలు పిల్లల చేతికందే ఎత్తులో ఉన్నాయా, అల్మారాపైన అలంకారానికా? నిన్నటి ఆటకూ ఇవాళ్టి ఆటకూ ఏమైనా సంబంధం ఉందా? మీ పాప గురించి అడిగితే "బాగానే ఉంటుందండీ" అని తేల్చేస్తే అనుమానించాల్సిందే. "పజిల్స్‌లో ఓపిక ఎక్కువ, నలుగురిలో మాట్లాడటానికి ఇంకా జంకుతోంది" లాంటి మాట వినబడితే టీచర్ నిజంగా గమనిస్తోందన్నమాట. పిల్లలను వదిలేసి దానికే ఆట అని పేరు పెట్టిన చోటైతే మార్చేయండి, మొహమాటపడకండి.

ఒకటి మాత్రం విడిగా చూసుకోండి. పాప పిలిస్తే పలకకపోయినా, మాటలు సరిగ్గా రాకపోయినా, తోటి పిల్లలతో అస్సలు కలవకపోయినా దాన్ని స్కూలు పద్ధతి మీదకు నెట్టకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఇంటికి రాగానే "ఏం నేర్చుకున్నావ్" అని మాత్రం అడగకండి, ఆ వయసుకు దానికి జవాబుండదు. "ఇవాళ ఏం కట్టారు? మధ్యలో పడిపోయిందా? మరేం చేశారు?" అని అడిగి చూడండి.