ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంట్లో మాటలు పడాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. జీఎస్టీ రిటర్నుల గడువులతో నెలలో 11 దాకా ఒక పరుగు, 20 దాకా ఇంకో పరుగు. నేను కూర్చుని చేసిన వర్కింగులన్నీ (లెక్కల కాగితాలు) పై సీనియర్లిద్దరి పేరు మీదే సార్ దగ్గరికి వెళ్తాయి. ఇంటికి రాగానే గది తలుపేసుకుని, మా తమ్ముడు ఫోన్లో ఎక్కించిన, బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఆల్బం ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ వింటాను. ఆయన కథా నా కథలాంటిదేననిపిస్తుంది. మొదట్లో ఒక పాట వినేదాన్ని, ఇప్పుడు భోజనాల వేళ దాకా లేవను. ‘‘ఇంట్లో మనుషులున్నారని గుర్తుందా?’’ అంటారు అత్తగారు. మావారు ఏమీ అనరు, ముభావంగా ఉంటారు. పోయిన నెల ఆఫీసులోనూ వింటూ ఒక క్లయింటు అంకెలు ఇంకో క్లయింటుకి ఎక్కించాను. సార్ అందరి ముందూ కేకలేశారు. ఇది వ్యసనమా? మానేయాలా?
– ఒక సోదరి

జవాబు: మానేయక్కర్లేదు. ఆఫీసులో మాత్రం మానేయండి. 14న 2బి (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జీఎస్టీ పట్టిక) వచ్చాక కొనుగోలు బిల్లులు ఒక్కొక్కటీ సరిచూసే పనికి, చెవిలో మాటలున్న పాటకు పొసగదు. పాటలోని మాటలు మీకు తెలియకుండానే చదివే ధ్యాసను లాగేస్తాయి. అందరి ముందూ అరవడం సార్ తప్పే. ఇయర్‌ఫోన్స్ తీయమంటే మాత్రం తీసేయండి.

ఇక ఇల్లు. మగవాళ్లు ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు గంటసేపు కూర్చున్నా చాలా ఇళ్లలో ఎవరూ ఏమీ అనరు. కోడలు అరగంట తలుపేసుకుంటే అది వార్త అవుతుంది. కాబట్టి మీరు అపరాధిలా దాక్కోవద్దు. అలాగని మూసిన తలుపు వెనక ఎంతసేపు ఉంటారో, ఎందుకు ఉంటారో చెప్పకపోతే, బయటివాళ్లకు అది అలకలాగే కనిపిస్తుంది.

హారిసన్ కథ మీదిలాగే ఉందన్నారు. సగం వరకు నిజమే. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్‌లో పాటలు రాసే పెద్ద చేతులు తోటివాళ్లు లెనన్, మెకార్ట్నీలవి. ఒక్కో రికార్డులో ఈయనకు దక్కేది సాధారణంగా ఒకటో రెండో. మీరు వింటున్న ఆల్బం పేరున్న పాటనే 1969 జనవరిలో బృందంతో కలిసి సాధన చేశారు, అయినా బీటిల్స్ రికార్డులో దానికి చోటు దొరకలేదు. 1970లో బృందం విడిపోయాక, పోగుపడ్డ అలాంటి పాటలే చాలావరకు మూడు ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) ఆల్బం అయ్యాయి.

మిగతా సగం మీరు వదిలేశారు. ఆ ఆల్బం ఆయన ఒంటరిగా గదిలో కూర్చుని చేసింది కాదు. రింగో స్టార్, ఎరిక్ క్లాప్టన్, బిల్లీ ప్రెస్టన్, క్లౌస్ వూర్మన్, ఇంకా చాలామంది వచ్చి వాయించారు. నిర్మాణంలో ఫిల్ స్పెక్టర్ తోడున్నాడు. మధ్యలో, జులైలో, హారిసన్ తల్లి చనిపోయింది. అట్ట మీద ఒక్క పేరు ఉన్నా, లోపల ఇల్లు నిండా జనం. మీరేమో దాన్ని పెట్టుకుని జనానికి దూరంగా జరుగుతున్నారు.

ఆయన తన పాటలు నలుగురి ముందూ పెట్టాడు. మీరూ మీ పని అలాగే పెట్టండి. ఆడిట్ కాగితాల్లో ‘ప్రిపేర్డ్ బై’, ‘చెక్డ్ బై’ అని గళ్లు ఉండేది ఎందుకు? మీరు చేసిన ప్రతి వర్కింగులో మొదటి గడిలో మీ పేరు, తేదీ వేయండి. సీనియర్లకు పంపే మెయిల్లో సార్‌ని కూడా పెట్టండి. ఇది గొడవ కాదు, ఆఫీసు పద్ధతే. 20 లోపు మాత్రం ఈ మాట ఎత్తకండి, ఎవరి బుర్రా పనిచెయ్యదు. 22నో 23నో సార్‌తో విడిగా పది నిమిషాలు మాట్లాడండి.

పాటలకు ఒక కొలత చెబుతాను. ఆ ఆల్బంలో మొదటి ఎల్పీ మొదటి వైపు నాలుగే పాటలు, సుమారు ఇరవై నిమిషాలు. ఆ రోజుల్లో అక్కడ ముల్లు లేపి రికార్డు తిప్పాల్సి వచ్చేది. మీరూ రోజుకు ఒక వైపే వినండి. ఆరు వైపులు, ఆరు రోజులు. (మూడో ఎల్పీ చాలావరకు కలిసి వాయించుకుంటూ పోయిన బాణీలే. దాటేసినా నష్టం లేదని నా అభిప్రాయం.) గదిలోకి వెళ్లేముందు ‘‘అత్తయ్యా, ఏడింటిదాకా నన్ను వదిలేయండి, తర్వాత వంటింట్లోకి వస్తాను’’ అని చెప్పండి. ఏడింటికి నిజంగా రండి.

ఒక ఆదివారం రెండో పాట, ‘మై స్వీట్ లార్డ్’, హాల్లో పెట్టండి. వెనక పాడేవాళ్లు ‘హల్లెలూయా’తో మొదలుపెట్టి ‘హరే కృష్ణ’లోకి, అక్కణ్నుంచి ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’లోకి వెళ్తారు. అత్తగారు తలెత్తి చూడకపోతే అడగండి. ఆమెకు ఆ పాట నచ్చాలని లేదు. కోడలు తలుపేసుకుని ఏం వింటోందో తెలిస్తే చాలు, అనుమానం సగం తగ్గుతుంది.

మీవారికి పాట వినిపించే పని పెట్టుకోకండి. ఆఫీసులో కేకలు తిన్న సంగతి ఆయనకు చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ముందు అది చెప్పండి.

వ్యసనమా అన్నారు. 20 దాటాక కూడా రోజూ రెండు గంటలు వినకపోతే ఉండలేకపోతున్నా, నిద్ర, తిండి తప్పుతున్నా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా అసలు కారణం పాట కాదు, మనసు బాగా అలసిందని అర్థం. అప్పుడు సైకాలజిస్టును కలవండి, లేదా మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.